తిలకిని మిగిల్చిన పూత

కరాళగిరి కొమ్ము మీద తామ్రజిహ్వుడి కోట నల్లగా, ఒంటరిగా నిలబడి ఉంది. దాని పునాదుల కింద నుంచి ఒక జలపాతం పుట్టి, గుర్రపు జూలులా విరబోసుకుని, అడుగు కనిపించని లోయలోకి దూకుతోంది. పొద్దు ఎక్కేకొద్దీ ఆ తుంపరల్లో ఇంద్రధనుస్సులు పుడుతున్నాయి, చెదిరిపోతున్నాయి. చరియల్లో పగడాల రంగు పూలతీగలు వేలాడుతున్నాయి. ఇంత అందం మధ్య ఒక్క పక్షి కూత లేదు. ఆ కొండ మీద ఎగిరే ప్రాణి ఒక్కటే. అది కోట ధ్వజస్తంభం చివర కూర్చున్న నల్లడేగ.

జలపాతం తెర వెనక గుహలో, చేపలమ్ముకునే వాళ్ల వేషంలో ఇద్దరు మనుషులు బొగ్గుల కుంపటి ముందు కూర్చుని సీసం కరిగిస్తున్నారు. పెద్దవాడు మల్లకేతు. నీలధార రాజ్యపు తుపాకీదళంలో ఒకప్పుడు అతన్ని మించిన గురికాడు లేడు. చిన్నవాడు ఆ రాజ్యపు యువరాజు ఉదయాంకుడు. తనకు తుపాకీ పట్టడం నేర్పిన ఈ గురువు కూతురు మధూళిని మాంత్రికుడు తామ్రజిహ్వుడు ఎత్తుకుపోయాడని తెలిసిన రోజునే, తండ్రికి చెప్పకుండా బయల్దేరి, చేపల బుట్ట నెత్తికెత్తుకుని వెంట వచ్చాడు.

"మూస వంచండి ప్రభూ. నెమ్మదిగా," అన్నాడు మల్లకేతు.

"ఇంకోసారి ప్రభూ అన్నావంటే నిన్ను ఆ నీళ్లలోకి తోసేస్తాను మామా. చేపలమ్మేవాణ్ని ప్రభూ అని ఎవడైనా పిలుస్తాడా?"

"ముక్కు మూసుకుని బుట్ట మోసేవాణ్ని చేపలమ్మేవాడని మాత్రం ఎవడు నమ్ముతాడు? వంచరా అల్లుడూ, వంచు."

యువరాజు నవ్వుతూ మూస వంచాడు. వెండిదారంలా సీసం అచ్చులోకి జారింది. అచ్చు తెరిచి చూస్తే గుండు ముఖం నిండా ముడతలే.

"ఇదేమిటి, మా రాజపురోహితుడిలా పుట్టింది!"

"అచ్చు చల్లగా ఉంది. ఇది పసిపిల్లకి నీళ్లు పోసినట్టే. పాత్ర కూడా వెచ్చబడాలి. మళ్లీ కరిగించు."

అచ్చును కుంపటి మీద కాసేపు ఉంచి పోశాక గుండ్లు నున్నగా పడ్డాయి. మల్లకేతు ఒక్కొక్కదాని పోత తోకను కత్తితో కోసి, ఇసకలో దొర్లించి, వేలికొసలతో తడిమి చూశాడు. ఆ సీసం లోయలోని ఏరు దాటించిన పడవ అవ్వది. తుపాకీ ఉంది గాని గుండ్లు లేవని విని, ఆమె ఒక్క మాట అడగకుండా తన వలకు వేలాడే సీసపు గుళ్లన్నీ కోసి ఇచ్చేసింది. "తీసుకుపో నాయనా. చేపలకేం, ఇవాళ కాకపోతే ఇంకోరోజు పడతాయి. ఆడపిల్ల అలా కాదుగా," అంది. ఆ వల లేకుండా ఈ పూట ఆమె ఏం తింటుందో అన్న ఆలోచన మల్లకేతును దారంతా వదల్లేదు.

గుండ్లు చల్లారాక అతను నడుముకు కట్టుకున్న చిన్న కొమ్ము భరిణె విప్పాడు. మూత తీయగానే గుహలో సీసపు పొగ వాసన పక్కకు తప్పుకున్నట్టయింది. ఆముదం, తేనెమైనం, వాటి వెనక నుంచి మెల్లగా దవనం.

"ఇదేం వాసన మామా? మా అమ్మ పూజగదిలోకి వచ్చినట్టుంది."

"గుండ్ల పూత. మీ అత్తయ్య తిలకిని చేసింది."

యువరాజు ముఖంలో నవ్వు ఆగిపోయింది. నీలధార కొండల్లో పుట్టినవాడు కనుక ఆ ఆచారం అతనికి తెలుసు. ఆ కొండల తుపాకీల గొట్టాల్లో సన్నని మెలిగీతలు ఉంటాయి. గుండు వాటిలో బిగుతుగా కూర్చుంటేనే తిన్నగా పోతుంది. పూత లేని గుండు మొదట్లో ఎలాగో దిగినా, ఒకటి రెండుసార్లు పేలి మసి పట్టాక గొట్టంలో దిగదు. ఆ పూతను ఇంటి ఆడవాళ్లే చేయాలి. మగవాడు చేసుకోకూడదు. ఏ ఇంటి పూతకు ఆ ఇంటి వాసన ఉంటుంది. ఒకరు జిల్లేడు పువ్వు వేస్తారు, ఒకరు వట్టివేరు వేస్తారు. యుద్ధభూమిలో ముఖాలు గుర్తుపట్టలేనప్పుడు, భార్యలు తమ భర్తల అరచేతులు వాసన చూసి ఇంటికి తెచ్చుకునేవారు. ఇల్లాలు పోతే, దినకర్మల నాడు ఆమె చేసిన పూత నిప్పుల్లో వేసేయాలి. ఆ తరువాత ఆ ఇంటి తుపాకీ మూలకు చేరుతుంది.

"వేసేయలేదా?" అని నెమ్మదిగా అడిగాడు యువరాజు.

"లేదు. అందరి ముందూ ఖాళీ భరిణె నిప్పుల్లో వేశాను. ఇది మొలలో దాచుకున్నాను." మల్లకేతు భరిణెను కుంపటి అంచున, సెగ తగిలీ తగలనట్టు పెట్టాడు. "కాల్చడానికి కాదు. అప్పుడప్పుడు మూత తీసి చూసుకోవడానికి."

పూత మెత్తబడింది. అతను చిటికెన వేలితో కొంచెం తీసి అరచేతిలో రాసుకుని, గుండును మధ్యలో పెట్టి, రెండు చేతుల మధ్య జపం చేస్తున్నవాడిలా దొర్లించాడు. సీసపు నలుపు మీద పలుచని పచ్చటి మెరుపు పాకింది.

"ఎక్కువైతే తుపాకీమందు తడుస్తుంది. తక్కువైతే గొట్టం పట్టేస్తుంది. ఈ దొర్లించే పని మధూళిది. వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని, ఇంతింత చేతులతో. నేను దండయాత్ర నుంచి వస్తే దగ్గరికి వచ్చేది కాదు. గడ్డం, దుమ్ము చూసి భయం. ముందు నా అరచేయి లాక్కుని ముక్కు పెట్టి చూసేది. అమ్మ వాసన వస్తేనే నాన్న. ఆ తరువాతే భుజం ఎక్కేది."

యువరాజు కుంపటిలో బొగ్గులు సర్దాడు.

మూడు గుండ్లకు పూత పట్టింది. భరిణె గోడలకు ఇంకా వేలెడు చార మిగిలింది. గీకితే మరో గుండుకు సరిపోతుంది. మల్లకేతు గోరు ఆనించి, మళ్లీ తీసేసి, మూత పెట్టేశాడు.

"మూడు చాలు. అసలు కావలసింది ఒక్కటే."

ఆ ఒక్కటీ నల్లడేగ కోసం. మాంత్రికుడి ప్రాణం ఆ డేగలో ఉందని, అది నేలకూలితే తామ్రజిహ్వుడు కూలతాడని, మధూళి చెర వదులుతుందని రేవు దగ్గర దొరికిన మాంత్రికుడి సేవకుడు చెప్పాడు. మెడ మీద కత్తి పెట్టకముందే చెప్పేశాడు. అంత సులువుగా ఎందుకు చెప్పాడని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. ఆశపడ్డ మనిషికి అలాంటి ప్రశ్నలు తోచవు.

గుహ వెనక నుంచి కోట తూము లోపలికి పోతుంది. తుపాకీని వెదురు కావడిబద్దలో దాచుకుని, మిగిలిన పూతలేని గుండ్లు చేపల బుట్ట అడుగున వేసుకుని, ఇద్దరూ పాకుడు రాళ్ల మీద పాకుతూ పైకెక్కారు. తూము చివర ఇనుప జల్లెడ. యువరాజు భుజం ఆనించి పెకలించాడు. దాని అవతల వెలిగిపోతున్న ప్రాంగణం. నేలంతా స్ఫటికం, గోడలకు నెమలికంఠం రంగు రాళ్లు, నడుమ రక్తచందనపు చెట్లు. ఆ చెట్ల కింద వరసగా రాతి కుక్కలు కూర్చుని ఉన్నాయి. ఒక్కొక్కటి లేగదూడంత ఉంది. నొసట ఒకే ఒక ఎర్రమణి కన్ను.

"శిల్పాలేగా?" అన్నాడు యువరాజు.

ఆ మాట పూర్తికాకముందే మొదటి కుక్క మెడ తిప్పింది. రాయి రాయిని ఒరుసుకున్న చప్పుడుతో లేచి దూకింది. మల్లకేతు కావడిబద్ద చీల్చి, గుహలోనే మందు పోసి పూతగుండు దట్టించి ఉంచిన తుపాకీ లాగి పేల్చాడు. మణికన్ను పగిలింది. కుక్క గాలిలోనే గులకరాళ్లై రాలిపోయింది. రెండోది యువరాజు మీదికి వచ్చింది. అతను చేపల బుట్ట దాని మూతికి తగిలించి పక్కకు దొర్లాడు. చేపలు నాలుగు దిక్కులా ఎగిరాయి.

"ఈ కంపు నన్ను బతికిస్తుందని అనుకోలేదు మామా!"

బుట్ట విదిలించుకున్న కుక్క కన్ను కనబడిన క్షణంలో రెండో గుండు పేలింది. అదీ రాళ్లకుప్పయింది. మిగిలిన కుక్కలు ఇంకా ఒళ్లు విరుచుకుంటున్నాయి. యువరాజు చిందిన గుండ్లలో చేతికందినవి ఏరి మల్లకేతుకు అందించాడు. ఇద్దరూ మెట్లు ఎక్కి బురుజు మీదికి పరుగెత్తారు.

ఎదురుగా ధ్వజస్తంభం. చివరన నల్లడేగ. ఎండలో దాని రెక్కలు నూనె పూసిన ఉక్కులా నిగనిగలాడుతున్నాయి. మల్లకేతు చివరి పూతగుండు దట్టించి, ఒక మోకాలు నేలకానించి, గురి పెట్టాడు. వెనక నుంచి చల్లగాలి వీచింది. పరుగెత్తిన ఒంటికి అది హాయిగా తగిలింది.

డేగ మెడ తిప్పింది. స్తంభం వదిలి గాలిలోకి లేచింది.

"మీదికొస్తోంది. పేల్చు మామా!"

వేలు మీట మీద బిగిసింది. కాని మల్లకేతు పేల్చలేదు. డేగ తిన్నగా రావడం లేదు. గాలి ఎటు వీస్తే అటు ఎదురు వెళ్లి, తప్పిపోయి, మళ్లీ వెనక్కి వచ్చి, అటూ ఇటూ మెలికలు తిరుగుతూ దగ్గరవుతోంది. అడవుల్లో పెరిగిన మల్లకేతు లెక్కలేనన్ని డేగలను చూశాడు. డేగ కంటితో వేటాడుతుంది. దానికి వాసనతో పని లేదు. వాసన పట్టుకుని వచ్చే డేగ ఈ భూమ్మీద లేదు.

"మామా!"

"ఆగు."

గోళ్లు ముడుచుకుని అది అతని మణికట్టు మీద వాలింది. ఒక్క గీత పడకుండా వాలింది. ముక్కుతో అతని వేళ్లు విడదీసి, అరచేతిలో తల పెట్టి, అక్కడే ఉండిపోయింది.

మల్లకేతు చేతిలోని తుపాకీ నేలకు ఒరిగింది.

"నా తల్లీ," అన్నాడు. "నువ్వా?"

పక్క బురుజు మీద నుంచి ఒక నవ్వు వినిపించింది. రాగిరేకు చింపినట్టున్న నవ్వు. తామ్రజిహ్వుడు నిలబడి ఉన్నాడు. ఒంటి మీద పాముకుబుసాల వస్త్రం, చేతిలో మెరుపుతీగలు చుట్టుకున్న దండం. ఒక కన్ను ఉండవలసిన చోట మచ్చ. పాత యుద్ధంలో ఆ కన్ను తీసింది మల్లకేతు గుండే.

"ఏం మల్లకేతూ, పేల్చలేదేం? నా కన్ను తీసిన చేత్తోనే నీ కంటిపాపను కూల్చుకుంటావని ఎంత ముచ్చటపడ్డాను! నా సేవకుడికి ఎంత శ్రద్ధగా అబద్ధం నేర్పాను! అంతా పాడుచేశావు. వాసన పట్టుకుని వచ్చిందా పిట్ట? సరే. ఆ వాసన ఉన్నంతసేపే దానికి నువ్వు గుర్తు. అది పోయిందంటే మిగిలేది డేగే. నిన్ను చూసి ఎగిరిపోయే అడవి డేగ!"

మల్లకేతు డేగను భుజం మీదికి చేర్చి, తుపాకీ ఎత్తి పేల్చాడు. గుండు మాంత్రికుడి చెవి పక్కగా పోయి గోడలో దిగింది. అతని గురి తప్పడం అదే మొదలు. కళ్ల నిండా నీళ్లున్న మనిషికి ఏ గురీ కుదరదు.

"నేనా పొగనై పోగలవాణ్ని. నన్నేం కొడతావురా ముసలాడా!" అని తామ్రజిహ్వుడు దండం ఊపాడు. దండం కొస నుంచి మెరుపు నేలకు పాకగానే కింద కుక్కలన్నీ ఒక్కసారి మొరిగాయి. మెట్ల మీద రాతి గోళ్ల చప్పుడు మొదలైంది.

"మామా, మెట్లు నేను చూసుకుంటాను!" యువరాజు కత్తి దూసి ఇరుకు మెట్ల తలకు అడ్డంగా నిలబడ్డాడు. "త్వరగా కానీ. వీటికి బుద్ధి లేదు, నాకు రెండో కత్తి లేదు."

మల్లకేతు మందు పోసి పూతలేని గుండు గొట్టం మూతిలో పెట్టాడు. దట్టించే కడ్డీతో నొక్కాడు. దిగలేదు. మసి గట్టిగా పట్టేసింది. మళ్లీ నొక్కాడు. చేతుల చర్మం లేచిపోయింది గాని గుండు మూతిలోనే ఉంది. తుపాకీని నేలకు తాటిస్తే జారి బయటపడింది. అది దొర్లుకుంటూ అతని పాదం దగ్గర ఆగింది.

నడుముకు భరిణె ఉంది. అందులో చార ఉంది.

అతను భరిణె విప్పి చేత్తో పట్టుకున్నాడు. మూత తీయలేదు. తీసి గుండుకు రాస్తే, ఆ వాసన మందుతో కాలి పొగలో కలిసిపోతుంది. ఉంచుకుంటే మధూళి ఎన్ని ఘడియలైనా ఈ భుజం మీదే ఉంటుంది. కాని మెట్ల మీద ఉదయాంకుడి కత్తి రాతికి తగిలి కొస విరిగింది. ఆ పిల్లవాడు అరవలేదు. పళ్లు కరుచుకుని విరిగిన కత్తితోనే పొడుస్తున్నాడు. అతని చేతి నుంచి నెత్తురు మెట్ల మీదికి కారుతోంది.

డేగ అటు చూసింది. తండ్రి ముఖంలోకి చూసింది. ఆ పసుపుపచ్చని కళ్లలో అతనికి బాగా తెలిసిన మొండితనం ఒకటి కనిపించింది. తల్లి వద్దన్నా సరే సెగ దగ్గర కూర్చునే పిల్ల మొండితనం.

"వద్దమ్మా," అన్నాడు. "ఇంకో దారి చూద్దాం. ఉండు."

డేగ వినలేదు. కిందికి దిగి గుండును గోళ్లతో పట్టుకుంది. తండ్రి చేతిలోని భరిణెను ముక్కుతో నేలకు లాగి మూత తోసేసింది. గుండును లోపల వేసి, ఒక కాలు దానిమీద పెట్టి, భరిణె గోడల వెంబడి మెల్లగా దొర్లించసాగింది. ఇటు ఒక చుట్టు, అటు ఒక చుట్టు. తల్లి ఒళ్లో నేర్చుకున్న పని. ఇంటి ఆడవాళ్లు చేయవలసిన పని. భరిణె గోడల మీద చార తుడిచినట్టు పోయింది. పచ్చటి మెరుపు పట్టిన గుండును ముక్కున కరుచుకుని, అది తండ్రి అరచేతిలో పెట్టింది.

మల్లకేతు వంగి దాని తల మీద నుదురు ఆనించాడు. వెచ్చగా ఉంది. గుండె తొందర తొందరగా కొట్టుకుంటోంది. అంతకంటే సమయం లేదు.

గుండు గొట్టంలోకి వెన్నలా దిగింది.

మాంత్రికుడు పొగగా మారుతున్నాడు. పాదాలు పోయాయి, నడుము పోయింది, ఆ వెకిలి నవ్వు కూడా పొగయింది. దండం మాత్రం పొగ మధ్య గట్టిగా నిలబడి ఉంది. మల్లకేతు ఈసారి కళ్లు తుడుచుకుని గురి పెట్టాడు. మీట నొక్కాడు. దండం నిలువునా చీలి, మెరుపులు తీగలు తీగలుగా తెగి లోయలోకి రాలాయి. మెట్ల మీద కుక్కలు ఉన్నవి ఉన్నట్టే బిగుసుకుపోయాయి. ఒక కుక్క నోరు ఉదయాంకుడి గొంతుకు జానెడు దూరంలో తెరుచుకుని ఆగింది. పొగ ముద్దగా నేల మీద పడి, ఒక ఒంటికన్ను ఉడుమై, గోడ పగుల్లోకి దూరి మాయమైంది.

తుపాకీ పొగ కాసేపు బురుజు మీద నిలిచింది. అందులో దవనం వాసన ఉంది. మల్లకేతు కదలకుండా ఊపిరి పీల్చుకున్నాడు. తరువాత గాలి వచ్చింది.

ఎదురుగా రాతి మీద డేగ కూర్చుని ఉంది. అతన్నే చూస్తోంది. నెత్తురూ మందు మసీ తప్ప ఇంకే వాసనా మిగలని అరచేయి అతను చాపాడు. అది ఒక అడుగు వెనక్కి వేసింది. మనిషిని చూసిన ఏ డేగ అయినా వేసినట్టే. ఇంకో అడుగు. తరువాత రెక్కలు విప్పి, పడమటి కొండల వైపు, ఒక్కసారి కూడా వెనక్కి తిరగకుండా ఎగిరిపోయింది.

యువరాజు చేతికి గుడ్డ చుట్టుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు. చాలాసేపు ఇద్దరూ ఆ నల్లచుక్క కనుమరుగయ్యేదాకా చూశారు.

"ఉడుము పారిపోయింది మామా. వాడి జాడ పట్టుకుని శాపం విప్పించొచ్చు. మధూళి బతికే ఉంది. ఇవాళ్టికి అది చాలు."

"చాలు," అన్నాడు మల్లకేతు. ఖాళీ భరిణెలోకి చూశాడు. కొమ్ము నున్నగా, తుడిచిన గిన్నెలా ఉంది. "కాని వాడు దొరికిన రోజున, అది నా దగ్గరికి రావాలి కదా. పిలిస్తే రాదు. పూత ఉండాలి."

"మనమే చేద్దాం. ఆచారం సంగతి నాన్నగారితో నేను చెబుతాను. ఏమేం కావాలి?"

"ఆముదం. తేనెమైనం. ఎండిన దవనం." మల్లకేతు ఆగాడు. తిలకిని పొయ్యి దగ్గర కూర్చున్న తీరు గుర్తుంది. గరిటె తిప్పే చేయి, గాజుల చప్పుడు, చెమట పట్టిన నుదురు, అన్నీ గుర్తున్నాయి. "మూడు కలిపాక, దించే ముందు ఇంకేదో వేసేది. వేలి మధ్య నలిపి వేసేది. ఏమిటని నేనెప్పుడూ అడగలేదు అల్లుడూ. పక్కనే కూర్చుని, తుపాకీ తుడుచుకుంటూ ఉండేవాణ్ని."

"అది తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరా?"

మల్లకేతు పడమటి కొండల వైపు చూశాడు.

"ఒక్కతే ఉంది," అన్నాడు. "వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని అన్నీ చూసింది."

భరిణెకు మూత పెట్టి నడుముకు కట్టుకుని, తుపాకీ భుజాన వేసుకుని, అతను మెట్లు దిగసాగాడు. కింద ప్రాంగణంలో చేపల బుట్ట బోర్లా పడి ఉంది. దాని అడుగున, అల్లిక సందులో, పడవ అవ్వ ఇచ్చిన సీసపు గుండు ఒకటి ఇంకా చిక్కుకుని ఉంది.